నాలుగు కూతలు, పది గజాలు

2023 నవంబరు 10, శుక్రవారం. కాంటన్ నుంచి ఆల్టూనా

తెల్లవారుజామున అయిదింటికే మా వాడు కారు వేడెక్కించాడు. మా ఆవిడ మనవరాలిని భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చి, "ఎల్లుండి దీపావళి. దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ ఇంట్లో ఉండాలి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. కోడలి పురుడుకని మిషిగన్ రాష్ట్రంలో కాంటన్ వచ్చి మూడు వారాలైంది. పురుటింట్లో మగవాడికి పనేముంటుంది? సోఫా మీద ఈ మూల నుంచి ఆ మూలకు జరగడం తప్ప. అందుకే మా వాడు "పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ యూనివర్సిటీతో మిషిగన్ ఫుట్‌బాల్ మ్యాచికి వెళ్దాం, వస్తావా నాన్నా" అంటే వెంటనే సరేనన్నాను. టికెట్టు ఎంతో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను తెనాలి దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా 31 ఏళ్లు పనిచేసి దిగిపోయినవాణ్ణి. నా ఆట చెడుగుడు. అమెరికా ఫుట్‌బాల్ టీవీలో చూసినప్పుడల్లా నాకు కట్టెల మోపు విప్పినట్టుండేది. ఈల వేస్తారు, పడతారు, లేస్తారు, మాట్లాడుకుంటారు, మళ్లీ పడతారు. ఆట తక్కువ, పంచాయితీ ఎక్కువ. మా వాడు మిషిగన్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివాడు. ఆ రెండేళ్లలో చదువుతోపాటు ఈ పిచ్చీ అంటించుకున్నాడు.

టొలీడో చేరేలోపే వాడు నాకు ఆట నేర్పేశాడు. "నాన్నా, నువ్వు దీన్ని చెడుగుడు అనుకో. మైదానం 100 గజాలు. నీకు నాలుగు కూతలు. ఆ నాలుగు కూతల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు కూతలు. లేకపోతే బంతి వాళ్లకి." అంతే! ఇన్నేళ్లూ ఎవరూ ఇలా చెప్పలేదేమిటి? గజం అన్నమాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. గట్టు మీద గజం భూమి కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కి ఇరవయ్యేళ్లు తిరిగే ఊరు మాది. గజం విలువ నాకొకరు చెప్పాలా?

టొలీడో దగ్గర ఒహాయోలో అడుగుపెట్టాక మా వాడు ఇంకో కథ చెప్పాడు. ఈ ఊరు ఎవరిదని 1835లో మిషిగన్, ఒహాయో సైన్యాన్ని కూడా దింపాయట. యుద్ధం పేరుకే, చివరికి టొలీడో ఒహాయోకి పోయింది, బదులుగా ఉత్తరాన అడవుల ద్వీపకల్పం మిషిగన్‌కిచ్చి 1837లో రాష్ట్రం చేశారు. ఆ రెండు రాష్ట్రాల యూనివర్సిటీలు 1897 నుంచి ఫుట్‌బాల్ ఆడుకుంటున్నాయి. సరిహద్దు తగాదా మైదానంలోకి మారిందన్నమాట. మన దగ్గర నీళ్ల తగాదాలు కూడా ఇలా మైదానంలో తేల్చుకుంటే బాగుండు అనిపించింది గాని పైకి అనలేదు.

పదకొండు కావస్తుంటే పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో కొండ మీద తెల్లటి గోపురం కనిపించింది. వేంకటేశ్వరుడి గుడి. ఇప్పుడంటే అమెరికాలో ఊరికో గుడి. 1970లలో ఇది కట్టినప్పుడు మన తరం వాళ్లు వందల మైళ్లు కార్లు తోలుకుని ఇక్కడికొచ్చి పిల్లలకు తలనీలాలు తీయించేవాళ్లట. ధనత్రయోదశి కావడంతో జనం బాగానే ఉన్నారు. కింద క్యాంటీన్లో పులిహోర, పెరుగన్నం. మా వాడు మిషిగన్ టోపీ పెట్టుకునే దణ్ణం పెట్టాడు. తియ్యరా అన్నాను. "జట్టు కోసమే మొక్కుతున్నా నాన్నా" అన్నాడు. తొమ్మిది మ్యాచులాడి తొమ్మిదీ గెలిచిన జట్టు అది. ఇంకా మొక్కేమిటి?

మొక్కెందుకో మధ్యాహ్నం తెలిసింది. ఆల్టూనాలో హోటల్ గదిలో బూట్లు విప్పుతుండగా వాడి ఫోను మోగింది. మిషిగన్ కోచ్ జిమ్ హార్‌బాను, ఈ యూనివర్సిటీల పోటీలు నడిపే బిగ్ టెన్ సంఘం వాళ్లు మూడు మ్యాచులు మైదానానికి రాకుండా ఆపేశారు. జట్టు ఇంకా విమానంలో ఉండగానే! మర్నాటి మ్యాచితో మొదలు. యూనివర్సిటీ కోర్టుకు పరుగెత్తింది గాని ఆ రోజు సెలవు. మ్యాచి లోపు వాదన వినే దిక్కులేదు.

కారణం అక్టోబరు నుంచి నడుస్తున్న గొడవే. అవతలి జట్టు కోచ్‌లు గట్టు మీద నుంచి చేతులతో, బొమ్మల అట్టలతో సైగలు చేస్తారు. ఆట ఆడుతూ ఆ సైగలు పసిగడితే తప్పులేదు. కాని ముందుగానే మనుషుల్ని పంపి, అవతలివాళ్ల మ్యాచులు చూపించి, సైగలు వీడియో తీయించడం 1994 నుంచి నిషేధం. మిషిగన్‌లో ఒక చిన్న ఉద్యోగి ఈ పని చేయించాడని అభియోగం. అతను రాజీనామా చేశాడు. తనకేమీ తెలియదని హార్‌బా అన్నాడు.

నేను న్యాయం చెప్పలేను. జిల్లా పోటీలకు ముందు పక్క ఊరి కూతగాడు ఏ కాలు ముందేస్తాడో చూసి రమ్మని నేనే ఎన్నిసార్లో పిల్లల్ని సైకిళ్ల మీద పంపాను. ఆ లెక్కన నన్నెన్ని మ్యాచులు ఆపాలి? కాని మాకు అది నిషేధం కాదు, వీళ్లకు నిషేధం. ఆ తేడా తేడానే. మా వాడు మాత్రం నా మాటలో మొదటి సగమే విన్నాడు.

నవంబరు 11, శనివారం. స్టేట్ కాలేజ్

ఊరి పేరే స్టేట్ కాలేజ్. కాలేజీ చుట్టూ పుట్టిన ఊరు. మ్యాచి వారాల్లో గది దొరకదని ఆల్టూనాలో దిగాం. పొద్దున్నే బయలుదేరినా చివరి అయిదు మైళ్లకు గంట పట్టింది. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభల బళ్లు కట్టుకుపోయినట్టు, ఇళ్లంత పెద్ద బళ్లు ముందురోజే వచ్చి పొలాల్లో దిగిపోయాయి. పొయ్యిలు, పొగ, కాలుతున్న మాంసం వాసన, ముసలమ్మల దగ్గర్నుంచి పసిపిల్లల దాకా ముదురు నీలం చొక్కాలు. మేమిద్దరం పసుపు టోపీలతో శత్రువు పేటలో నడుస్తున్నాం. ఎవరూ దెబ్బలాడలేదు. ఒక పెద్దాయన మాత్రం మమ్మల్ని చూసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని సైగలు చదువుతున్నట్టు నటించాడు. నేనూ నవ్వాను.

బీవర్ స్టేడియం దూరం నుంచి ఇనుప పరంజాలా ఉంటుంది. లోపల లక్షా పదివేల మంది పైచిలుకు. ఇది విద్యార్థుల ఆట అని నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది. మా యూనివర్సిటీ కబడ్డీ ఫైనల్స్‌లో ముందు వరుస కుర్చీల్లో ముఖ్య అతిథి, ఆయన డ్రైవరు, నేను ఉండేవాళ్లం.

హార్‌బా స్థానంలో షెరోన్ మూర్ అనే 37 ఏళ్ల కోచ్ నిలబడ్డాడు. బళ్లలాంటి లైన్‌మెన్‌కి శిక్షణ ఇచ్చేది అతనే. తానూ ఒకప్పుడు ఆ వరుసలో ఆడినవాడే. ఆట చూడటం మొదలుపెట్టిన పావుగంటకే నా కళ్లు బంతిని వదిలేశాయి. బంతి పట్టుకున్నవాణ్ణి అందరూ చూస్తారు. నడి గీత మీద 140 కిలోల మనుషులు అయిదుగురు వంగి నిలబడి, అవతలివాళ్ల ఛాతీ కింద చెయ్యి దూర్చి, ఒక్క అడుగు జరుపుతారే, ఆట అక్కడుంది. చెడుగుడులో గొలుసు పట్టు కట్టినవాళ్లు భుజం భుజం ఆనించుకుని కదిలినట్టే వీళ్లూ కదులుతున్నారు. వాళ్ల పాదం ఎటు తిరిగిందో చూస్తే పరుగు ఎటు వస్తుందో చెప్పొచ్చు. రెండుసార్లు ముందే చెప్పాను. మా వాడు నోరు తెరిచాడు.

సగం ఆటకు మిషిగన్ 14, పెన్ స్టేట్ 9. ఆ తర్వాత జరిగింది నేను నా జన్మలో చూస్తాననుకోలేదు. మిషిగన్ బంతి విసరడం మానేసింది. జె.జె. మెకార్తీ అనే కుర్రాడు ఆ జట్టు చుక్కాని. అంత చెయ్యి ఉన్నవాడు మ్యాచి మొత్తం మీద విసిరినవి ఎనిమిదే. రెండో సగంలో లెక్కలోకొచ్చిన విసురు ఒక్కటీ లేదు. వరసగా 32 సార్లు పరుగే. అవతలివాళ్లకు తెలుసు, లక్షమందికి తెలుసు, బఠాణీలమ్మేవాడికి తెలుసు, ఈసారి కూడా పరుగేనని. తెలిసీ ఆపలేకపోయారు. సైగలు దొంగిలించారన్న జట్టు, ఏ సైగా అక్కర్లేని ఆట ఆడి గెలిచింది! బ్లేక్ కోరమ్ అనే అయిదడుగుల ఎనిమిదంగుళాల కుర్రాడు మూడు గజాలు, నాలుగు గజాలు, రెండు గజాలు, మళ్లీ మూడు. పక్కన కూర్చున్న పెన్ స్టేట్ అమ్మాయి ప్రతిసారీ తల పట్టుకుంటోంది. నాలుగో పాదంలో, అంటే ఆట ఆఖరి పావులో, ఒకసారి సందు దొరికింది, 30 గజాలు పరుగెత్తి పాయింట్లు వచ్చే చివరి గీత దాటేశాడు. మొత్తం 145 గజాలు. 24–15.

ఆట అయ్యాక టీవీ మైకు ముందు మూర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. హార్‌బాకు ప్రేమ చెప్పాడు, పిల్లలకు చెప్పాడు, మధ్యలో ఒకటి రెండు బూతులూ జారాయి. హోటల్లో ఆ వీడియో మూడుసార్లు చూశాను. గురువు గేటు బయట ఉండి శిష్యులు గెలిస్తే ఆ గురువుకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకసారి మలేరియాతో మంచాన పడి పిల్లల్ని ఒంటరిగా గుంటూరు పంపాను. కప్పు తెచ్చి మంచం కింద పెట్టారు. నిజం చెప్పొద్దూ, కాస్త కుళ్లుకున్నాను కూడా.

సాయంత్రం క్యాంపస్‌లో వాళ్ల సొంత డెయిరీ ఐస్‌క్రీం తిన్నాం. ఆ చలిలో ఐస్‌క్రీం కోసం వీధి చివరిదాకా వరుస.

నవంబరు 12, ఆదివారం. తిరుగు దారి

80వ నంబరు రోడ్డు మీద పెన్సిల్వేనియా కొండలన్నీ ఆకులు రాల్చి గోధుమ రంగులో ఉన్నాయి. దారిలో వార్త: పెన్ స్టేట్ వాళ్లు తమ దాడి కోచ్‌ని పొద్దున్నే తీసేశారు. పాపం, నిన్న ఆపలేకపోయింది రక్షణ దళం, ఉద్యోగం పోయింది దాడి కోచ్‌ది. అయిదు గంటలకు ఇల్లు చేరాం. చీకటి పడబోతోంది. మా ఆవిడ ప్రమిదలు వెలిగించి కాకరపువ్వొత్తులు చేతికిచ్చింది. మాట దక్కింది.

నవంబరు 25, శనివారం. ఆన్ ఆర్బర్

మధ్యలో వారం మేరీలాండ్‌లో 31–24. ఆ గెలుపుతో మిషిగన్ 1000 విజయాలకు చేరింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకు ముందు ఆ అంకె చేరినవారు లేరు. అది టీవీలో చూశాం. ఇవాళ ఇంటికి అరగంట దూరంలో ఒహాయో స్టేట్‌తో మ్యాచి. ఇద్దరూ 11కి 11 గెలిచారు.

గోల్ఫ్ మైదానంలో కారు నిలిపాం. మా వాడి స్నేహితులు నాలుగు కుటుంబాలు అప్పటికే గ్యాస్ పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. పక్క గుడారం తెల్లవాళ్లు వాసన పట్టుకుని వచ్చారు. ఒకాయన ఒక్కటి కొరికి నీళ్లసీసా ఖాళీ చేసి మళ్లీ చెయ్యి చాపాడు.

ఈ స్టేడియం 1927 నాటిది. 107,601 మందికి చోటు. బయట నుంచి చూస్తే "ఇంతేనా" అనిపిస్తుంది. ద్వారం దాటగానే కాళ్ల కింద లోయ. చాలా భాగం భూమిలోకి తవ్వి కట్టారు; మనం పై అంచున నిలబడి దిగుడుబావిలోకి చూసినట్టు చూస్తాం. కుర్చీలు లేవు, అల్యూమినియం బల్లలే. అంకె వేసిన చోటు ఒక మనిషికి సరిపోతుంది, చలికోటు వేసుకున్న మనిషికి సరిపోదు. సంక్రాంతికి పల్లెవెలుగు బస్సెక్కినవాడికి ఇదేం కొత్త కాదు. ఒకళ్ల భుజం వెనక ఒకళ్ల భుజం పెట్టి పక్కకి సర్దుకున్నాం. ఆ రోజు లెక్క 110,615.

మూడో పాదంలో జాక్ జింటర్ పడిపోయాడు. గీత మీద కుడివైపు గోడ అతను, జట్టు కెప్టెన్లలో ఒకడు. కాలు రెండు ఎముకలూ విరిగాయి. లక్షమంది మాట్లాడకుండా ఉంటే ఎలా ఉంటుందో అప్పుడు విన్నాను. జెండా తాడు కర్రకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. బండి మీద తీసుకెళ్తుంటే అతను చెయ్యెత్తాడు. మర్నిమిషం, మొట్టమొదటి ఆటలోనే కోరమ్ బంతి పట్టుకుని 22 గజాలు నేరుగా గీత దాటాడు. వేళ్లతో ఆరు, అయిదు చూపించాడు. 65, జింటర్ చొక్కా నంబరు.

నా పక్కన ఉన్న పెద్దావిడ, ముక్కూమొహం తెలీదు, నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. చలికి, అని మా వాడితో అన్నాను.

ఆఖర్న ఒహాయో స్టేట్ ఆరు పాయింట్ల వెనక ఉండి దూసుకొస్తుంటే 25 సెకన్లున్నాయనగా రాడ్ మూర్ గాలిలో బంతిని అందుకున్నాడు. 30–24. హార్‌బా ఆ మూడు మ్యాచులూ మైదానం బయటే ఉన్నాడు.

డిసెంబరు 31, ఆదివారం. లాస్ ఏంజిలెస్

ఇండియానాపొలిస్‌లో బిగ్ టెన్ టైటిల్ మ్యాచిలో మిషిగన్ అయోవాను 26–0తో కొట్టడం చూసి మా వాడు రోజ్ బౌల్ టికెట్లు తీశాడు. జాతీయ పోటీలో సెమీఫైనల్ అది. కోడలు ఒక చూపు చూసింది. "మామయ్యగారి కోసమే" అన్నాడు. నా పేరు చెప్పి బతికిపోవడం వాడికి చిన్నప్పటి నుంచి అలవాటే.

విమానాశ్రయంలో నా పాత శిష్యుడు ఎదురొచ్చాడు. ఒకప్పుడు మా స్కూలు జట్టులో ఎడమ మూల ఆడేవాడు. ఇప్పుడు అర్వైన్‌లో సాఫ్ట్‌వేర్. "మాస్టారూ, ఇంకా ఈల తెచ్చారా?" అన్నాడు. తెచ్చాను. మెళ్లో ఉంది.

2024 జనవరి 1, సోమవారం. పాసడీనా

పొద్దున ఎనిమిదికి కొలరాడో వీధిలో పూలరథాల ఊరేగింపు. రాత్రంతా జనం దుప్పట్లు కప్పుకుని పేవ్‌మెంటు మీదే పడుకున్నారు. నియమమేమిటంటే రథం మీద కంటికి కనబడేదంతా పువ్వో, ఆకో, గింజో, బెరడో అయి ఉండాలి, రంగు వేయకూడదు. మెంతుల్లాంటి గింజలు ఒక్కొక్కటి అతికించి ఏనుగు చర్మం చేస్తే నేను దగ్గరికెళ్లి తడిమి చూశాను. బతుకమ్మ పేర్చే చేతులకు ఇక్కడ మంచి గిరాకీ ఉంటుంది.

స్టేడియం ఒక వాగు లోయలో ఉంది, 1922 నాటిది. వెనక శాన్ గేబ్రియల్ కొండలు. ఇక్కడి మొదటి పోటీ 1902లో ఆడింది కూడా మిషిగనే, స్టాన్‌ఫర్డ్‌ను 49–0తో కొట్టింది. అప్పటికి ఈ స్టేడియం లేదు. ఇవాళ ప్రత్యర్థి అలబామా. ముదురెరుపు చొక్కాలు సగం, పసుపు సగం.

మిషిగన్ చేతులు ఆ రోజు తడబడ్డాయి. పైనుంచి పడే బంతిని పట్టుకోలేక జారవిడిచారు, ఒకసారి కాదు. నాలుగో పాదంలో 13–20తో వెనకబడ్డారు. టైము అయిపోతోంది. నాలుగో కూత, రెండు గజాలు కావాలి. రాకపోతే సీజన్ అయిపోయినట్టే. పెన్ స్టేట్‌లో 32 సార్లు పరుగెత్తిన జట్టు ఇక్కడ మెత్తగా కోరమ్ చేతికి బంతి విసిరింది. కావలసిన రెండు గజాలూ దాటేశాడు. 1:34 ఉందనగా రోమన్ విల్సన్ గీత లోపల పట్టుకున్నాడు. 20–20. ఆ వేళకు కొండలు గులాబీ రంగుకొచ్చాయి. ఎవరూ అటు చూడటం లేదు.

అదనపు ఆటలో ఇద్దరికీ చెరోసారి 25 గజాల దగ్గర బంతి ఇస్తారు. కోరమ్ రెండు పరుగుల్లో గీత దాటాడు. అలబామా వంతు. నాలుగో కూత, మూడు గజాలు. మూడు గజాలంటే మా పంచలో మంచం పొడవు దాటి ఓ గజం. మిల్రో బంతి అందుకుని నడిమికి దూకాడు. అక్కడ గోడ. పట్టు!

నేను ఈల ఊదేశాను. ముందు వరుసలో ఎర్ర చొక్కా ఆయన రిఫరీ ఏమోనని వెనక్కి తిరిగి చూశాడు. శిష్యుడు నా చెవిలో, "మాస్టారూ, ఆ నాలుగో కూత మొదలైనప్పట్నుంచి మీరు ఊపిరి తీసుకోలేదు, చెడుగుడు చెడుగుడు అంటూనే ఉన్నారు" అన్నాడు. నాకు తెలియనే తెలియదు.

జనవరి 2, మంగళవారం

విమానం. నిద్ర. రాయడానికేమీ లేదు.

జనవరి 8, సోమవారం. కాంటన్

ఫైనల్ హ్యూస్టన్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీతో. టికెట్టు మాట మా వాడు ఎత్తలేదు. కోడలు ఆ రోజు చూసిన చూపు ఇంకా పనిచేస్తోంది. అక్కడ పియర్‌లాండ్‌లో మీనాక్షమ్మ గుడి ఉంది, అదొక సాకు దొరుకుతుందేమోనని నేనే ఓసారి కదిపి చూశాను. పని జరగలేదు.

పిల్ల పడుకుందని టీవీకి గొంతు తీసేశాం. మూగ ఆట చూడటం మంచిదే, పాదాలు బాగా కనిపిస్తాయి. మొదటి పాదంలోనే డోనవన్ ఎడ్వర్డ్స్ 41 గజాలు ఒకసారి, 46 గజాలు ఒకసారి సందు చూసి దూరిపోయాడు. ఆ తర్వాత వాషింగ్టన్ బిగించింది, మూడో పాదం ముగిసేసరికి 20–13. మా వాడు దిండు కొరుకుతున్నాడు. నేను మాత్రం గీత చూస్తున్నాను. వాషింగ్టన్ కుర్రాళ్ల భుజాలు వంగిపోయాయి, వాళ్లింక ఆపలేరని నాకప్పుడే తెలిసింది. కోరమ్ గీత దాటాడు. చివర్లో మైక్ సేన్రిస్టిల్ అవతలివాళ్ల బంతిని లాక్కుని పరుగు మొదలెట్టాడు. నలభై, యాభై, అరవై... 81 గజాలు. తర్వాత మళ్లీ కోరమ్. 34–13. పదిహేనుకు పదిహేను. జాతీయ టైటిల్ 1997 తర్వాత మళ్లీ ఇదే; అప్పుడు నెబ్రాస్కాతో పంచుకున్నారు, ఈసారి పంచుకోనక్కర్లేదు.

ఇద్దరం లేచి నిలబడి నోరు తెరిచి శబ్దం లేకుండా అరిచాం. మా వాడు నన్ను ఎత్తి తిప్పాడు. అనుకున్నంత నిశ్శబ్దంగా లేనట్టున్నాం. పడగ్గది తలుపు సందులోంచి మా ఆవిడ తల బయటపెట్టింది.

"ఏమండీ, ఆ కూత ఆపి పడుకోండి. పిల్ల లేస్తుంది."